బళ్ళో ఫిడేలు ఎవరు వాయించమంటారు?

"అక్కా, మ్యూజిక్ టీచర్ అవ్వాలంటే డిప్లొమా ఒక్కటి సరిపోతుందా?" అని జూనియర్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. కాగితాల సంగతి చెప్పడం తేలికే. కాగితాలు చేతికొచ్చాక నేను ఇంకా ఏమేం నేర్చుకోవాల్సి వచ్చిందో చెప్పాలంటే ఫోన్‌లో కుదరదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఫిడేలు నేర్చుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన ఫిడేలు వాయింపు విని ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు 26. మనకంత సీన్ లేదు కాబట్టి నాలుగేళ్ళు సర్టిఫికెట్ కోర్సు, ఆపైన రెండేళ్ళు డిప్లొమా. దాంతోపాటే మామూలు డిగ్రీ. 72 మేళకర్తలు (తల్లి రాగాలు), రాగం పేరులోని అక్షరాల్ని బట్టి దాని నంబరు చెప్పే కటపయాది సూత్రం, తాళానికుండే పది లక్షణాలైన దశప్రాణాలు అన్నీ బట్టీ పట్టాం. ధీరశంకరాభరణం ఎన్నో మేళమని నిద్రలో లేపి అడిగినా 29 అనేవాళ్ళం.

పాఠం చెప్పడం మొదలైంది మాత్రం మా మాస్టారి ఇంట్లో. నేను డిప్లొమాలో ఉండగా, సాయంత్రాలు ఆయన దగ్గరకు కొత్తగా వచ్చే పిల్లలను నాకు అప్పజెప్పారు. "సరళీలు నువ్వు చూడమ్మా" అన్నారు. సరళీలంటే సరిగమలతో మొదటి పాఠాలు. నేను హుషారుగా ఫిడేలు తీసుకుని వాయించి చూపిస్తుంటే లోపలి నుంచి కేక: "ఫిడేలు కింద పెట్టి పాడు!"

ఆయన అలా ఎందుకన్నారో ఆ పిల్లల వేళ్ళు చూస్తే తెలిసింది. నేను వాయిస్తే పిల్ల నా చెయ్యి చూస్తుంది, నా వేలు ఎక్కడుందో అక్కడే తన వేలు పెడుతుంది. ఫిడేలుకు వీణకున్నట్టు మెట్లుండవు, పైగా పిల్లది చిన్న సైజు వాయిద్యం, కొలత మారిపోతుంది. అందుకే శుద్ధ రిషభం, అంటే సా పక్కనే ఉండే రి, ఎప్పుడూ కాస్త పైకే పలికేది. అదే నోటితో నాలుగుసార్లు పాడించాక వేలు దానంతటదే కిందికి జరిగేది. సరళీలు మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకు మొదలుపెడతారో కూడా అప్పుడే చేతికి అర్థమైంది. మన ఫిడేలు తీగలు సా-పా-సా-పా కదా, షడ్జం తీగ మీద సరిగమకు ఏ వేళ్ళు ఎంత దూరంలో పడతాయో, పంచమం తీగ మీద పదనిసకు కూడా సరిగ్గా అంతే. ఒక తీగ మీద చెయ్యి కుదిరితే రెండోది కుదిరినట్టే.

చిక్కల్లా నా గొంతుతోనే. వాయిద్యం వాళ్ళం గొంతును పెద్దగా పట్టించుకోం. రోజూ పొద్దున్నే తంబూరా యాప్ పెట్టుకుని, అలంకారాలనే స్వర పాఠాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడుతూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మా అమ్మ "ఇన్నేళ్ళు చదివి మళ్ళీ సరిగమలేంటే" అంది.

తర్వాత ఒక ప్రైవేట్ స్కూల్లో ఇంటర్వ్యూ. మా సీనియర్ అక్క ముందే చెప్పింది, "బళ్ళో ఫిడేలు ఎవరు వాయించమంటారే, హార్మోనియం పట్టు" అని. అలాగే జరిగింది. ప్రిన్సిపాల్ మేడమ్ నా వయొలిన్ పెట్టె వైపు చూడనైనా లేదు. అసెంబ్లీలో ప్రార్థన నడిపించగలరా, జనగణమన వాయించగలరా అని అడిగారు. జాతీయ గీతం పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు పట్టాలి, సాగదీయకూడదు. ముందే గడియారం పెట్టుకుని సాధన చేసి వెళ్ళాను కాబట్టి గండం గడిచింది.

డెమో క్లాస్ ఐదో తరగతికి. పాట జోలికి పోకుండా ఆదితాళం వేయించాను. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. క్లాసంతా కలిసి వేస్తే రెండో ఆవర్తానికే (రెండో చుట్టుకే) పరుగందుకుంటారు, వెనక బెంచీ అందరికంటే ముందు ముగించేస్తుంది. అప్పుడు సగం మందిని తాళం మీద, సగం మందిని స్వరం మీద పెట్టాను. ఒకళ్ళనొకళ్ళు కాచుకోవాలి కాబట్టి వేగం దానంతటదే తగ్గింది. ఉద్యోగం వచ్చింది ఆ చిట్కా వల్లేనని నా నమ్మకం.

ఉద్యోగంలో చేరాక తెలిసిన ఇంకో సంగతి శ్రుతి, అంటే సా ఎంత ఎత్తులో పెట్టుకోవాలన్నది. నాకు ఐదు శ్రుతి హాయిగా ఉంటుంది, చిన్న క్లాసుల పిల్లలూ దాంట్లో బాగానే పాడతారు. తొమ్మిదో తరగతి మగపిల్లలకు గొంతు మారుతూ ఉంటుంది, తారస్థాయికి పోతే కీచుమంటుంది, అందరూ నవ్వుతారు, ఆ పిల్లాడు ఇంక నోరు విప్పడు. వాళ్ళకు శ్రుతి దించుతాను, ఆ రోజు అదీ కుదరకపోతే తాళం అప్పజెప్తాను. "నీకు గొంతు లేదు" అనే మాట మాత్రం నా క్లాసులో నిషేధం.

జీతం సంగతి దాచేదేముంది, ట్యూషన్లు లేకపోతే నెల గడవదు. కాలిఫోర్నియా పిల్లలకు ఆన్‌లైన్లో చెప్తాను. వాళ్ళకు సాయంత్రం 6 అంటే మనకు మర్నాడు పొద్దున 6:30, నవంబరులో వాళ్ళు గడియారం మార్చగానే 7:30. నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి వాయించలేం. నేను పాడి ఆగాలి, వాళ్ళు వాయించాలి. గొంతు మళ్ళీ ఇక్కడా పనికొచ్చింది.

ఇప్పుడు కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టులకు చదువుతున్నాను. ఇంటర్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైనది అడుగుతారు. డిప్లొమాను సమానంగా చూస్తారో లేదోనన్న టెన్షన్ ఎందుకని ఎం.ఏ. సంగీతం కూడా చేశాను. అసలు పరీక్ష ఉత్తరాది హిందుస్తానీ సంగీతంతో, మనం నేర్చుకున్నది కర్ణాటకం కదా. మన కల్యాణి వాళ్ళకు యమన్, హిందోళం మాల్కౌన్స్, మోహనం భూపాలీ, అంతవరకు బాగానే ఉంది. మన తోడి స్వరాలు వాళ్ళ భైరవిలో ఉంటాయి, వాళ్ళ తోడి స్వరాలు మన శుభపంతువరాళిలో ఉంటాయి. రూపక తాళం మనకు ఆరు అక్షరాలు (లెక్కలు), వాళ్ళకు ఏడు మాత్రలు. రాత్రిళ్ళు ఈ పట్టికే కలలోకి వస్తోంది.

వాళ్ళ తాళం తీన్‌తాల్ పదహారు మాత్రలూ నోటికి పట్టాలని, తొమ్మిదో మాత్ర దగ్గర ఖాళీతో (దెబ్బ వెయ్యకుండా చెయ్యి ఊపే చోటుతో) సహా ఎనిమిదో తరగతికి నేర్పించేశాను. ధా ధిన్ ధిన్ ధా అంటూ బెంచీలు వాయించేస్తున్నారు. పక్క క్లాసులో లెక్కలు చెప్పే సారు, పీరియడ్ మార్చుకుందామా మేడమ్ అని నిన్న మళ్ళీ అడిగారు.