పీహెచ్‌డీలో చేరే ముందు వెళ్ళి చూడాలా వద్దా

ఏటా ఫిబ్రవరి చివరికొచ్చేసరికి నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, రెండు చోట్ల పీహెచ్‌డీ ఆఫర్ వచ్చింది, విజిట్ డేకి, అంటే చేరే ముందు వచ్చి డిపార్ట్‌మెంట్ చూసుకునే రోజుకి రమ్మంటున్నారు, వెళ్ళాలా, జూమ్‌లో మాట్లాడితే సరిపోదా?" అని. ఒక్కొక్కరికీ విడిగా రాసేకంటే ఒకచోట పెడితే మేలని ఇది రాస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు ఇప్పటికే అమెరికాలో ఉండి, టికెట్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంటే కచ్చితంగా వెళ్ళండి. ఇండియాలో ఉంటే సొంత డబ్బుతో, విజిటర్ వీసాతో వెళ్ళాలని చూడకండి, కానీ వెళ్ళినవాళ్ళకి తెలిసేదంతా ఇంటి నుంచే తెలుసుకోవడానికి గట్టిగా కష్టపడండి.

ఎంఎస్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు. అది రెండేళ్ళలో అయిపోతుంది, ప్రొఫెసర్ నచ్చకపోతే సెమిస్టర్ అయ్యాక మళ్ళీ ఆయన క్లాసు వైపు వెళ్ళనక్కర్లేదు. పీహెచ్‌డీ అయిదారేళ్ళు. ఆ అయిదారేళ్ళూ మన స్టైపెండ్ (నెలనెలా ఇచ్చే భత్యం), మన పేపర్లు, చివర్లో ఉద్యోగానికి కావలసిన రెకమెండేషన్ లెటర్, ఇవన్నీ చాలావరకు ఒక్క మనిషి, అంటే మన అడ్వైజర్ (గైడ్) చేతిలో ఉంటాయి. ర్యాంకు యూనివర్సిటీది, మనం బతికేది మాత్రం పదిమంది ఉండే ఒక ల్యాబ్‌లో, ఆ ల్యాబ్ ఎలా ఉంటుందో ఏ ర్యాంకుల పట్టికా చెప్పదు.

విజిట్ వీకెండ్‌లు ఎక్కువగా ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా జరుగుతాయి. దేశం లోపలి ఫ్లైట్ టికెట్ వాళ్ళే కొంటారు, లేదా మనం కొని రసీదు పంపితే డబ్బు తిరిగి ఇస్తారు. హోటల్లోనో, అక్కడి స్టూడెంట్ ఇంట్లోనో బస. ఒక రోజంతా అరగంటకో ప్రొఫెసర్‌ని కలిపిస్తారు, మధ్యాహ్నం స్టూడెంట్లతో భోజనం, సాయంత్రం పరిశోధన పోస్టర్లు చూడటం, రాత్రి డిన్నర్. శాకాహారులైతే ముందు పంపే ఫారంలో తప్పకుండా రాయండి, లేకపోతే రోజంతా సలాడ్ మీద నెట్టుకురావాలి. ప్రొఫెసర్లతో ఆ అరగంటలు బాగానే గడుస్తాయి, అందరూ ఆ రోజు మంచి ఉత్సాహంగా ఉంటారు కాబట్టి వాటిని బట్టి తేల్చుకోవద్దు. అసలు విషయం ఆ మధ్యాహ్నం భోజనంలో ఉంది, అక్కడ ఫ్యాకల్టీ ఎవరూ ఉండరు.

నేను ఎంఎస్ చివర్లో ఉన్నప్పుడు నాకూ ఆఫర్లు వచ్చాయి. కాగితం మీద చూస్తే ఒక ల్యాబ్ అన్నిటికంటే పైన ఉంది, పేరున్న ప్రొఫెసర్, మంచి పేపర్లు. వెళ్ళాక ఆయనతో మాట్లాడిన అరగంట కూడా చాలా బాగా నడిచింది. భోజనం దగ్గర ఆ ల్యాబ్ స్టూడెంట్లని "చివరిసారి ఇంటికి ఎప్పుడు వెళ్ళొచ్చారు?" అని అడిగాను. నాలుగో ఏడాదిలో ఉన్న మన దేశపు కుర్రాడు వచ్చినప్పటి నుంచీ వెళ్ళలేదన్నాడు, వీసా స్టాంపింగ్ భయం అన్నాడు, అంటే ఇండియా వెళితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో మళ్ళీ వీసా వేయిస్తారో లేదోనని. అది నిజమే కావచ్చు, ఆ భయం అందరికీ ఉంది. అందుకని పక్కనున్న అమెరికన్ అమ్మాయిని కూడా అదే అడిగాను. రెండు రాష్ట్రాల అవతల ఉన్న అమ్మానాన్నల దగ్గరికి క్రిస్మస్ వారం తప్ప వెళ్ళడం కుదరదని, వెళ్ళినా రాత్రిళ్ళు డేటా చూడాల్సి వస్తుందని చెప్పింది. తర్వాతి వారం ఇంకో చోట అదే ప్రశ్న అడిగితే, ఒకతను చెల్లి పెళ్ళికి నెల రోజులు వెళ్ళానని, అందులో సగం రోజులు ఇంటి నుంచే పని చేశానని, అడ్వైజర్ పెళ్ళి ఫోటోలు అడిగి మరీ చూసిందని చెప్పాడు. నేను రెండో చోట చేరాను. జూమ్‌లో ఈ ప్రశ్న అడిగి ఉంటే మొదటిచోట స్టాంపింగ్ మాట దగ్గరే ఆగిపోయేదేమో, ఎందుకంటే అక్కడ పక్కన ఇంకొకరు కూర్చుని ఉండరు.

మనవాళ్ళకి ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. అయిదారేళ్ళలో ఇంట్లో ఏదో ఒక పెళ్ళి ఉంటుంది, తాతయ్యకో అమ్మమ్మకో ఒంట్లో బాగోకపోవడం ఉంటుంది, అప్పుడు సెలవు అడగడానికి భయపడే పరిస్థితి ఉంటే ఎంత గొప్ప ల్యాబ్ అయినా మనిషి నలిగిపోతాడు.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. ఈ మధ్య పట్టా తీసుకున్న ముగ్గురికి ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు, మధ్యలో వదిలి వెళ్ళినవాళ్ళు ఉన్నారా, ఉంటే ఎందుకు. అడ్వైజర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే టెన్యూర్ (ఉద్యోగం పర్మనెంట్ కావడం) ఎప్పుడు, వేరే యూనివర్సిటీకి మారే ఆలోచన ఉందా. ఎన్ని సెమిస్టర్లు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని చేయాలి. ఆఫర్ లెటర్‌లో ఉన్న స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా అన్నది మాత్రం స్టూడెంట్లనే అడగండి, వేసవిలో నిజంగా చేతికి వస్తుందా అని కూడా అడగండి. ట్యూషన్ ఫీజు రద్దు చేసినా సెమిస్టర్ ఫీజుల పేరుతో కొన్ని వందల డాలర్లు స్టూడెంట్ దగ్గరే వసూలు చేసే చోట్లు ఉన్నాయి, అది లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అద్దె సంగతి కూడా అంతే. అదే స్టైపెండ్‌తో ఇల్లినాయ్‌లోని అర్బానాలో కాస్త ఊపిరి తీసుకుని బతకొచ్చు, బర్కిలీలోనో శాంటా బార్బరాలోనో జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోతుంది.

ఊరిని చూసేటప్పుడు నెల గుర్తుపెట్టుకోండి. మార్చిలో మాడిసన్, మినియాపొలిస్ వెళితే ఇంకా చలి వణికిస్తుంటుంది, ఒక విధంగా అది మంచిదే, ఆ ఊరి కష్టకాలం కళ్ళారా చూస్తారు. అదే మార్చిలో అరిజోనా వెళితే స్వర్గంలా ఉంటుంది, జూన్‌లో నలభై డిగ్రీలు దాటుతుంది, విజయవాడ ఎండ చూసినవాళ్ళకి అది కొత్త కాదనుకోండి. కారు లేకుండా కూరగాయలు తెచ్చుకోగలమా, రాత్రి పదికి ల్యాబ్ నుంచి బస్సు ఉందా అన్నది ఆ ఊళ్ళో ఒక్క రాత్రి ఉంటే తెలిసిపోతుంది. ఏ రోజు చూసింది ఆ రోజు రాత్రే రాసి పెట్టుకోండి, మూడో ఊరు వెళ్ళొచ్చేసరికి మొదటిది కలిసిపోతుంది.

ఇక ఇండియా నుంచి. విజిట్ కోసమే రావాలంటే బీ-2 అనే విజిటర్ వీసా కావాలి. దాని దరఖాస్తు ఫీజు 2023లో 185 డాలర్లయింది, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ స్లాటు నెలల తరబడి దొరకదు, దొరికినా ఇప్పుడు చూసి వస్తాను, ఆగస్టులో చదువుకి వెళతాను అంటే ఆఫీసర్ నమ్మాలని లేదు. మీరు తిరిగి వెళతారన్న నమ్మకం లేదని, అంటే 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తే తర్వాత ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) కోసం నింపే డీఎస్-160 దరఖాస్తులో ఆ తిరస్కరణ గురించి చెప్పాల్సిందే. నాలుగు రోజుల విజిట్ కోసం అసలు వీసాని ఎందుకు ఇబ్బందిలో పెట్టుకోవాలి? ఆ డబ్బు, ఆ టెన్షన్ రెండూ మిగుల్చుకోండి.

దాని బదులు వాకబు చేయండి, అదీ కాస్త ఓపికగా. ల్యాబ్ వెబ్‌సైట్‌లో ఇప్పుడున్న స్టూడెంట్ల పేర్లు చూడండి, తర్వాత పాత వెబ్ పేజీలని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో అదే పేజీ మూడు నాలుగేళ్ళ క్రితం ఎలా ఉందో తీయండి. అప్పుడు ఉండి, ఇప్పుడు స్టూడెంట్లలోనూ పాత విద్యార్థుల జాబితాలోనూ కనిపించని పేర్లుంటే వాళ్ళని లింక్డిన్‌లో వెతికి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. సొంత కారణాలతో వెళ్ళినవాళ్ళూ ఉంటారు, తొందరపడి ఎవరినీ తప్పుపట్టొద్దు, అయినా ముగ్గురు నలుగురు మాయమైతే అడిగి తీరాలి. ఈమెయిల్‌లో ఎవరూ నిజం రాయరు, పావుగంట ఫోన్ అడగండి. పరిశోధన గురించి అరగంట మాట్లాడి అడ్వైజర్ గురించి ఒక్క మాట కూడా అనకపోతే ఆ మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. పాత విద్యార్థుల థీసిస్‌లు యూనివర్సిటీ లైబ్రరీ సైట్లలో దొరుకుతాయి, వాటిలో కృతజ్ఞతల పేజీ చదవండి, చేరిన ఏడాదికీ థీసిస్ ఏడాదికీ తేడా చూడండి. ఆన్‌లైన్ విజిట్ డే పెడితే నిద్ర మానుకునైనా కూర్చోండి. మార్చి రెండో ఆదివారం వాళ్ళ గడియారాలు గంట ముందుకి జరిగాక తూర్పు తీరంలో మధ్యాహ్నం రెండంటే మనకి రాత్రి పదకొండున్నర, కాలిఫోర్నియా అయితే తెల్లవారుజామున రెండున్నర.

ఇండియాలోనే పీహెచ్‌డీ చేసేవాళ్ళకి ఇదంతా చాలా తేలిక, అయినా చాలామంది వాడుకోరు. ఐఐఎస్సీ, టీఐఎఫ్ఆర్ లాంటి పరిశోధన సంస్థలకి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు అది అయిపోగానే రైలెక్కేస్తారు. ఒక రోజు ఎక్కువ ఉండండి, హాస్టల్ మెస్‌లో తినండి, సీనియర్లతో టీ తాగండి. హైదరాబాద్‌వాళ్ళకి హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, అన్నీ ఊళ్ళోనే ఉన్నాయి, తెలిసిన స్టూడెంట్ ద్వారా ఒకసారి వెళ్ళి రావచ్చు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు అన్నది అందరికీ తెలుసు, అది నెలనెలా వస్తుందా, నాలుగైదు నెలలకోసారి వస్తుందా అన్నది అక్కడివాళ్ళే చెప్పాలి. అమ్మాయిని పంపే ముందు నాన్నగారు హాస్టల్ చూస్తానంటే తీసుకెళ్ళండి, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

తేదీల గురించి ఒక మాట. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానం ఒకటి ఉంది. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఫండింగ్‌తో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15లోపు జవాబు చెప్పాలని ఒత్తిడి చేయకూడదు. వారంలో తేల్చమని ఎవరైనా అంటే, సంతకం చేసినవాళ్ళ జాబితాలో ఆ యూనివర్సిటీ పేరుందేమో చూసుకుని, ఏప్రిల్ 15 దాకా సమయం కావాలని మర్యాదగా రాయండి. ఫండింగ్ లేని ఎంఎస్ అడ్మిషన్లకి ఇది వర్తించదు, వాటి డిపాజిట్ తేదీలు వేరు. నిర్ణయం అయిపోయాక మాత్రం మిగతా చోట్లకి అదే రోజు వద్దని చెప్పేయండి. మీరు వదిలిన సీటు కోసం వెయిట్‌లిస్టులో ఇంకొకరు ఉంటారు, వాళ్ళు ఇండియాలో ఉంటే యూనివర్సిటీ నుంచి ఐ-20 (వీసాకి కావలసిన అడ్మిషన్ పత్రం) రావాలి, విదేశీ విద్యార్థుల రికార్డు కోసం 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టాలి, వీసా స్లాటు దొరకాలి, ఇవన్నీ ఆగస్టులోపు జరగాలి.