1830 ఆటలో పెన్సిల్వేనియాకు అందని 5 ట్రైన్

నలుగురు ఆడే 1830 అనే రైల్వే బోర్డ్ గేమ్‌లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌ను ఎవరి సాయమూ లేకుండా ప్రారంభించి, దాని 3 ట్రైన్ (అంకె ట్రైన్ రకాన్ని చెబుతుంది) తుక్కయ్యేలోగా, అంటే కొత్త రకం వచ్చి ఆట నుంచి తొలగేలోగా, ఒక 5 ట్రైన్‌ను కొనిపించాలన్న నా ప్రయత్నం నిన్న రాత్రి మళ్లీ విఫలమైంది. లోటు 30 డాలర్లు మాత్రమే కావడంతో ఈ ఉదయం వరకూ కాగితం మీద లెక్కలు వేస్తూనే ఉన్నాను.

ఆరంభం బాగానే కుదిరింది. కామ్డెన్ అండ్ ఆంబాయ్ అనే ప్రైవేట్ (ఆటగాడికి ఆదాయమిచ్చే చిన్న కంపెనీ) నాకు 165 డాలర్లకు దక్కింది, దానితోపాటు పెన్సిల్వేనియా షేరు 10 శాతం వచ్చింది. మిగిలిన 435లో పార్ ధరను (షేరు తొలి ధరను) 82గా పెట్టి, కంపెనీని నడిపే హక్కిచ్చే ప్రెసిడెంట్ సర్టిఫికెట్‌కు 164, మరో మూడు షేర్లకు 246 చెల్లించాను. చేతిలో 25 మిగిలాయి, కంపెనీ ఖజానాకు 820 చేరాయి. పార్ 90 అయితే కంపెనీ మొదలవడానికి కావలసిన 60 శాతాన్ని ఒంటరిగా కొనడం ఈ డబ్బుతో సాధ్యం కాదు. పిట్స్‌బర్గ్ దారిని ఎవరూ అడ్డుకోలేదు.

చిక్కంతా ఆ 820 ఖర్చయ్యే తీరులో ఉంది. రెండు 2 ట్రైన్లకు 160, ఒక 3 ట్రైన్‌కు 180 పోయాయి. 3 ట్రైన్ రాగానే ప్రైవేట్‌ను ముఖ విలువకు రెట్టింపు ధరకు, అంటే 320కి, కంపెనీ చేత కొనిపించాను. ఖజానాలో 160 మిగిలాయి. బోర్డు మీద పట్టాలు వేయడానికి కొండల గళ్లకు 120, నదుల గళ్లకు 80 చెల్లించాల్సిన చోట్లన్నీ తప్పించాను, 40 డాలర్ల రెండో స్టేషన్ టోకెన్ కూడా వేయలేదు కాబట్టి ఆ వైపు ఆదా చేయడానికి ఇంకేమీ లేదు. పాత 25తో, నా చేతికి వచ్చిన 320తో, ప్రైవేట్ ఆదాయం 50తో, డివిడెండ్ 48తో మొత్తం 443 అయింది. అందులో 426 పెట్టి న్యూయార్క్ సెంట్రల్‌ను 71 పార్ ధరకు తెరిచాను. ఆ కంపెనీకి 710 వచ్చాయి, వాటిలో 300 ఒక 4 ట్రైన్‌కే పోయాయి.

ఆ తరువాత పెన్సిల్వేనియా రెండు ఆపరేటింగ్ రౌండ్లు (కంపెనీలు వరుసగా కదిలే దఫాలు) డివిడెండ్ ఇవ్వకుండా 260 దాచుకుంది. ఖజానా 420కి పెరిగింది, తొలి డివిడెండ్‌తో 90కి ఎక్కిన షేరు ధర మాత్రం 82కు, అక్కడి నుంచి 76కు జారింది. కంపెనీ వంతు వచ్చేసరికి ఒక 5 ట్రైన్ ఇంకా బ్యాంకులో ఉంది, ధర 450. కంపెనీ చేతిలో 3 ట్రైన్ ఉన్నంతవరకు ప్రెసిడెంట్ సొంత డబ్బు కలపడానికి నియమం ఒప్పుకోదు కనుక, నా జేబులో ఎంత ఉన్నా ఆ 30 పూడ్చే వీలు లేదు. అదే రౌండ్‌లో ఆ 5 మరొకరికి పోయింది, వెంటనే 6 వచ్చింది, నా 3 తుక్కయింది. 630 డాలర్ల 6 ట్రైన్ కోసం 210 నేను వేసుకోవలసి రాగా, న్యూయార్క్ సెంట్రల్ షేర్లు అమ్మక తప్పలేదు.

ఇది డబ్బు కొరత కన్నా వరుస క్రమం సమస్య అని నా అనుమానం. న్యూయార్క్ సెంట్రల్ ముందుగా కదిలి ఉంటే పెన్సిల్వేనియా దగ్గరున్న 3 ట్రైన్‌ను 30 డాలర్లకు కొని లోటు తీర్చేది. కానీ ఎక్కువ షేరు ధర ఉన్న కంపెనీకే ముందు వంతు వస్తుంది కాబట్టి, 71 దగ్గరున్న కంపెనీ 76 దగ్గరున్న దాని తరువాతే కదిలింది. ప్రైవేట్‌ను 160కే అమ్మితే ఖజానా నిండుతుంది గానీ రెండో కంపెనీ తెరవడం గగనమవుతుంది. ఆ దారి మీద నాకు నమ్మకం లేదు.

వచ్చే ఆటలో రెండు పెన్సిల్వేనియా షేర్లను 90 చొప్పున అమ్మి, చేతిలో 623 చేసుకొని, న్యూయార్క్ సెంట్రల్‌ను 100కి తెరుస్తాను. దాని 1000లో 4 ట్రైన్‌కు 300 పోగా 700 ఉంటాయి. ఆ తరువాత పెన్సిల్వేనియా దగ్గరున్న 3 ట్రైన్‌కు 150 ఇచ్చి, మొదటి 5ను 450కి తీసుకుంటే 100 మిగులుతాయి. పెన్సిల్వేనియా ఒక్క రౌండ్ 140 దాచుకుంటే చాలు, 160తో, ఈ 150తో కలిపి సరిగ్గా 450 అవుతుంది. మొదటి 5 రాగానే ఒక్కో కంపెనీకి రెండు ట్రైన్లే పరిమితి అవుతుంది, అప్పుడు పాత 3ను వదిలేస్తే సరిపోతుంది. మొదటి 5ను 100 కన్నా పైనున్న కంపెనీ ఏదైనా ముందే తీసుకుంటే మాత్రం ఆ పరిమితే నా కాళ్లకు అడ్డం పడుతుంది.

ఈసారి కాగితపు నోట్లు పక్కన పెట్టి పోకర్ చిప్స్ వాడదామని మిగతా ముగ్గురినీ ఒప్పించాను. ఇంత ఖజానా లెక్క ఉన్న ఆటకు 1986 నాటి అవలాన్ హిల్ ప్రచురణ పెట్టెలోని నోట్ల కన్నా చిప్సే ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం. ఈ ఎత్తు ఫలిస్తే, 50 శాతానికే కంపెనీ మొదలయ్యే 1889 అనే ఇదే కోవకు చెందిన ఆటలో, షికోకు ద్వీపం మీద ఇదే వరుస క్రమాన్ని పరీక్షించాలని ఉంది.