నీరు పల్లమెరగని కొండ

శనివారం, సెప్టెంబరు రెండో వారం

నాయన వచ్చాక, ఫిన్లాండులో మేముండే ఔలులో చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు. సముద్రం, మార్కెట్టు, లైబ్రరీ, సైకిలు బాటలు, అన్నీ అయిపోయాయి. "ఈ ఊరు మరీ బల్లపరుపుగా ఉంది పాపా, గుట్ట అనేది ఏమన్నా ఉందా లేదా?" అని మొన్న తనే అడిగాడు. కళ్యాణదుర్గం పక్కన బండరాళ్ళ గుట్టల కింద పుట్టి పెరిగిన మనిషికి కంటికి ఎక్కడా అడ్డు తగలకపోతే తోచదు మరి. అందుకని ఈరోజు రీసితుంతురికి పోయొచ్చాం. పోసియో దగ్గరుంది, ఇక్కడి నుంచి కారులో మూడు గంటల పైనే.

తుంతురి అంటే ఇక్కడి ఉత్తరాది బోడికొండ. కోట్ల ఏళ్ళ అరుగుదల, దాని మీద మంచుయుగపు రాపిడి. శిఖరమంటూ ఏమీ ఉండదు, పైన గుండ్రంగా నున్నగా ఉంటుంది. రీసితుంతురి ఎత్తు ఐదొందల మీటర్లు కూడా లేదు. ఆర్కిటిక్ వలయానికి కాస్త కిందనే ఉంటుంది. 1982లో జాతీయ ఉద్యానం చేశారు.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. నాయనకు స్వెటర్, దాని మీద మా ఆయన రెయిన్‌కోటు, తలకు మంకీ క్యాపు, కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఫోన్లు చేసే నోకియా ఒకప్పుడు ఇలాంటి రబ్బరు బూట్లు కూడా చేసేదని మా ఆయన చెబితే నాయన నమ్మలేదు.

పుదాస్‌యార్వి దాటాక రోడ్డు మీదికి రెయిన్‌డీర్లు వచ్చాయి. హారన్ కొట్టినా కదలవు. మనమే ఆగాలి.

"ఎవురివి ఇవి? కాపరి యాడ?"

"ప్రతిదానికీ యజమాని ఉంటాడు మామా. పిల్లగా ఉన్నప్పుడే చెవి అంచు కత్తితో కోసి గుర్తు పెడతారు. ఆ కోత చూసి ఎవరిదో చెప్పేస్తారు."

నాయన అద్దం దించి తల బయట పెట్టి చెవులు చూశాడు. ఆ తర్వాత దారి పొడుగునా కనిపించిన ప్రతి రెయిన్‌డీరు చెవీ చూస్తూనే వచ్చాడు.

కారు పెట్టిన చోటి నుంచి రెండు బాటలున్నాయి. చిన్నది నాలుగు కిలోమీటర్ల పైచిలుకు చుట్టు, పెద్దది పది దాటుతుంది. నాయన మోకాళ్ళను తలచుకుని చిన్నదే పట్టుకున్నాం. మొదట స్ప్రూస్ అనే సూదాకు చెట్ల అడవి. ఇక్కడి స్ప్రూసులు సన్నగా నిటారుగా ఉంటాయి, కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. చలికాలంలో ఒక్కో చెట్టు మీద టన్నుల కొద్దీ మంచు గడ్డకట్టి కూర్చుంటుంది, కొమ్మలు బారుగా చాచుకున్న చెట్టయితే విరిగిపోతుంది. జనవరిలో ఆ మంచు బొమ్మల ఫోటోల కోసం జనం ఎగబడి వస్తారు. నన్నడిగితే రావాల్సింది సెప్టెంబరులోనే. దోమలు పోయి ఉంటాయి, మంచు ఇంకా రాలేదు, నేలంతా రంగులు తిరిగి ఉంటుంది. కొమ్మలకు లైకెన్, అంటే చెట్ల మీద పెరిగే నాచులాంటిది, నల్లటి జుట్టులా వేలాడుతోంది. గాలి శుభ్రంగా ఉన్న చోటే అది పెరుగుతుంది.

అడవి పలచబడగానే బురదనేల మొదలైంది. దాని మీద నడవడానికి రెండేసి పలకలు పక్కపక్కన పరిచిన సన్నటి బాట ఉంటుంది. పలక తడిగా ఉంటే జారుతుంది కాబట్టి నాయన ముందు, నేను వెనక. కాసేపటికి ఆయన ఆగిపోయాడు. జారతాడేమోనని చెయ్యి పట్టుకోబోయాను.

"నన్ను ఇడ్సు. ఇది చూడు. నేల ఏటవాలుగా లేదా?"

ఏటవాలే. పలకల బాట పైకి ఎక్కుతోంది. దానికి రెండు వైపులా బురద కూడా దాంతో పాటే కొండెక్కుతోంది. మధ్య మధ్య నల్లటి నీళ్ళు మెరుస్తున్నాయి.

"మరి నీళ్ళు కిందికి పోకుండా ఎట్ల నిలబడుకోనుండాయి? నీరు పల్లమెరుగు అంటారు గదమ్మే. దీనికి తెలీదా?"

రీసితుంతురికి పేరు తెచ్చినవి ఈ వాలు బురదలే. నాకు తెలిసినంత చెప్పాను. ఆర్నెల్లకు పైగా పడిన మంచంతా ఎక్కడిదక్కడే ఉండి, వసంతంలో ఒక్కసారిగా కరుగుతుంది. దానికి కొండలోంచి ఊట తోడవుతుంది. ఎండకు బలం లేదు కాబట్టి నీళ్ళు ఆవిరైపోవు. మిగిలిన పని నాచు చేస్తుంది, స్ఫాగ్నమ్ అనే నాచు. ఎండిన నాచు తన బరువుకు పదిహేను ఇరవై రెట్ల నీళ్ళు పట్టుకుంటుంది. దాని అడుగు భాగం చచ్చినా చలికి, పులుపుకి కుళ్ళదు. అట్లాగే పేరుకుని పీట్ అవుతుంది. ఏడాదికి మహా అయితే ఒక మిల్లీమీటరు.

నాయన వినీ విననట్టు పలక మీద గొంతుక్కూర్చున్నాడు. బాట పక్కన చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయింది. పిడికెడు నాచు తీశాడు. పైన లేత ఆకుపచ్చ, అంచుల్లో రక్తం రంగు, కిందికొచ్చేసరికి వెలిసిపోయిన గడ్డి రంగు. గట్టిగా పిండాడు. టీ రంగు నీళ్ళు ముంజేతి మీదుగా కారి రెయిన్‌కోటు చేతిలోకి పోయాయి. ఇంకోసారి పిండాడు, ఇంకా వచ్చాయి. మూడోసారి కూడా. వాసన చూసి, ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టి అరచేత్తో అదిమాడు.

"ఈడ వానెంత ఏడాదికి?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఏ ఊరు పోయినా నాయన మొదట అడిగేది ఇదే. ఫోన్లో చూశాను. ఈ ప్రాంతంలో మంచుతో కలిపి ఆరొందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

"ఆరొందలేనా? సరిగ్గా చూడు."

సరిగ్గానే చూశాను. మన అనంతపురం సగటు ఐదొందల యాభై. తేడా యాభై అటూ ఇటూ, అంతే. అక్కడ ఎనిమిదొందల అడుగులు బోరు దించినా దుమ్ము లేస్తుంది, ఇక్కడ కొండ వాలు మీద మోకాటి లోతు బురద. వాన తక్కువనే మన కరువంతా అని చిన్నప్పటి నుంచీ విన్నాను, నేనూ పదిమందికి చెప్పాను. కానీ మన దగ్గర పడ్డ వానను పడ్డట్టే ఎండ తాగేస్తుంది, మిగిలింది వంకల్లో పారిపోతుంది. లెక్క చూడాల్సింది ఎంత పడిందని కాదు, ఎంత నిలిచిందని. నాయన ఆ మాట అనలేదు. "ఐదొందల యాభై," అని రెండు మూడు సార్లు తనలో తను అనుకుంటూ నడిచాడు.

పైన చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. నేలబారు బర్చ్ పొదలు కుంకుమ రంగులో ఉన్నాయి. కింద కిత్కా సరస్సు, దాని నిండా దీవులు. ఆ నీళ్ళు మా ఔలు వైపు రావు, తూర్పుగా రష్యాలోకి పోయి తెల్ల సముద్రంలో కలుస్తాయి. ఆ సరస్సులో చిన్న చేప ఒకటుంది. దాన్ని "కిత్కా తెలివైనది" అంటారు. నీళ్ళతో పాటు సరిహద్దు దాటి రష్యాకు పోకుండా ఇక్కడే ఉండిపోయిందట, అందుకే తెలివైనదట. నాయన బాగా నవ్వాడు. కొని వండుదామా అంటే శనివారం కదా అన్నాడు.

నడిచేవాళ్ళు ఆగడానికి కట్టిన గుడిసె పైనే ఉంది. దానికి తాళం లేదు, కాపలా లేదు, డబ్బులూ కట్టనక్కర్లేదు. ఎవరైనా వచ్చి ఒక రాత్రి పడుకుని పోవచ్చు. కట్టెల కొట్టం నిండా కట్టెలు, పక్కన గొడ్డలి. వాడుకున్న వాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళకి కాసిని చీల్చి పెట్టి పోవాలన్నది మర్యాద. "ఎవురూ ఎత్తకపోరా?" అని అడుగుతూనే గొడ్డలి చేతికి తీసుకున్నాడు నాయన. మా ఆయన పది దెబ్బలు వేసినా చీలని మొద్దును రెండు దెబ్బల్లో చీల్చాడు. అక్కడ ఒక ముసలాయన, ఆయన భార్య సాసేజీలు కాల్చుకుంటున్నారు. నాయన పనితనం చూసి ఆయన లేచొచ్చి ఒక సాసేజీ ఇవ్వబోయాడు. శనివారం మాంసం తినమని ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతనైంది గానీ, ఎందుకో చెప్పడం చేతకాలేదు. బదులుగా కాఫీ ఇచ్చారు. మేం చిత్రాన్నం పెట్టాం, చెనిక్కాయలు ఏరుకుని మరీ తిన్నారు.

ఆయన వయసులో ఉన్నప్పుడు, 1970ల్లో, బురదనేలల్లో కాలవలు తవ్వే పనికి పోయేవాడట. నీళ్ళు బయటికి పంపేస్తే చెట్లు బాగా పెరుగుతాయని దేశంలోని బురదనేలల్లో సగానికి పైగా అట్లా ఆరబెట్టారు. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ కాలవల్నే మళ్ళీ పూడుస్తున్నారు. నేను తెలుగులో చెప్పాక నాయన ఆయన వైపు తిరిగి, "మేం పంట కుంటలు తవ్వినాం. నీళ్ళు నిలబెట్టేకి," అని చేతులతో చూపించాడు. ముసలాయనకు ఏం అర్థమైందో గానీ, కప్పులో ఇంకాస్త కాఫీ పోశాడు.

దిగేటప్పుడు లింగన్ అనే చిన్న ఎర్ర అడవి పళ్ళు ఏరుకున్నాం. జాతీయ ఉద్యానమైనా పళ్ళు కోసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పులుపు బాగా ఉంది, ఊరగాయకు పనికొస్తుందన్నాడు. రేపు చూడాలి.

తిరుగుదారిలో ఆరింటికి పెదనాయనకు ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. స్పీకర్లో పెట్టి మొత్తం చెప్పాడు, చెవులు కోసిన రెయిన్‌డీర్ల దగ్గర్నుంచి. "వాన మన కాడ పడినంతేనన్నా. గుట్ట మింద బురద. యాడ తొక్కితే ఆడ నీళ్ళు."

పెదనాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే ఏం పంట ఏస్తారంట?"

"ఏమీ ఎయ్యరు. ఊరికే నడుస్తారు."

"నడిచేకి అన్ని నీళ్ళెందుకురా?"