నడుము మొరాయించాక నేను చేరిన ఉద్యోగం

ఇక్కడ అమెరికాలో మేనేజ్డ్ కేర్ నర్స్‌గా చేస్తున్నానంటే మావాళ్లలో సగం మంది "ఓహో, ఇన్సూరెన్స్ వాళ్ల మనిషివన్నమాట" అని మొహం అదోలా పెడతారు. జీతమిచ్చేది వాళ్లే, కాదనను. 8 ఏళ్లు మెడికల్ వార్డులో 12 గంటల షిఫ్టులు చేశాక నడుము మొరాయించింది, అందుకే మారాను, అంతకుమించి పెద్ద ఆశయమేమీ లేదు.

నా పని యుటిలైజేషన్ రివ్యూ, అంటే ఇన్సూరెన్స్ డబ్బు కట్టేంత అవసరం ఆ వైద్యానికి ఉందా అని చూడటం. హాస్పిటల్ పంపిన నోట్స్ చదివి, ఈ పేషెంట్‌ని ఇన్‌పేషెంట్‌గా ఉంచాలా, ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా కొంతసేపు కనిపెట్టి చూసే అబ్జర్వేషన్ సరిపోతుందా అని ఇంటర్‌క్వాల్, ఎంసీజీ లాంటి గైడ్‌లైన్స్‌తో పోల్చి చూడాలి. సరిపోతే నేనే అప్రూవ్ చేస్తాను. సరిపోకపోతే "అవసరం లేదు" అనే అధికారం మాత్రం నర్సుకి లేదు, ఫైలు ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టరైన మెడికల్ డైరెక్టర్‌కి వెళ్లాల్సిందే. ఈ సంగతి చాలామందికి తెలీదు, తిట్లు మాత్రం మాకే.

మొన్నొక న్యుమోనియా కేసు. డాక్టర్ నోట్‌లో "స్టేబుల్" అని ఒక్క ముక్క, దాన్నిబట్టి చూస్తే అడ్మిషన్ నిలబడదు. పాత అలవాటు కొద్దీ నర్సులు గంటగంటకీ రీడింగులు రాసే ఫ్లోషీట్ తెరిచాను. తెల్లవారుజామున 3 గంటలకి ఆక్సిజన్ తీసి చూస్తే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 86కి పడిపోయింది, మళ్లీ 2 లీటర్లు పెట్టారు. నైట్ డ్యూటీ నర్సు రాసిన ఆ రెండు లైన్లతోనే కేసు అప్రూవ్ అయింది. ఎవరు చదువుతార్లే అనుకుంటూ అలాంటి లైన్లు నేనూ ఎన్నో రాత్రులు రాశాను కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది.

అందుకే "ఇందులోకి ఎలా రావాలక్కా" అని అడిగే జూనియర్లకి, ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ చేతికి రాగానే రావద్దు, ముందు రెండు మూడేళ్లు వార్డులో చెయ్యండి అంటాను. సీఎంసీఎన్ (మేనేజ్డ్ కేర్ నర్స్), సీసీఎం (కేస్ మేనేజర్) సర్టిఫికెట్లు తర్వాతైనా తెచ్చుకోవచ్చు. కాంపాక్ట్ రాష్ట్రంలో, అంటే ఒకరి నర్సు లైసెన్స్‌ని ఒకరు ఒప్పుకునే రాష్ట్రాల్లో ఒకదాంట్లో ఉంటే మల్టీస్టేట్ లైసెన్స్ మాత్రం తీసుకోండి, ఫోన్‌లో, కంప్యూటర్‌లో చేసే పని కదా, వేరే రాష్ట్రాల పేషెంట్లూ వస్తారు.

సుఖమైన ఉద్యోగమేనా అంటే, రాత్రి డ్యూటీలు లేవు, పండగలకి ఇంట్లో ఉంటున్నాను. టెన్షన్ మాత్రం గడియారంతో. మెడికేర్ అడ్వాంటేజ్‌లో (ప్రభుత్వ మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీలు నడిపే ప్లాన్లు) మామూలు ప్రయర్ ఆథరైజేషన్లకి, అంటే వైద్యానికి ముందే తీసుకునే అనుమతులకి, 2026 నుంచి 7 రోజుల గడువే, అర్జెంటయితే 72 గంటలు, అవతల హాస్పిటల్ వాళ్లేమో అడిగిన రిపోర్టులు తప్ప మిగతావన్నీ ఫ్యాక్స్ చేస్తారు (అవును, ఇంకా ఫ్యాక్సే).

రెండు స్క్రీన్ల ముందు రోజంతా కూర్చుని నడుము నొప్పి తగ్గింది. ఇప్పుడు మెడ పట్టేసింది.