సంచి సర్దుకున్న ఆవిడ
గుంటూరులో మానసిక వైద్య వార్డులో నర్సుని. పేషెంట్ చెప్పకుండా వెళ్ళిపోతే అందరూ ముందు నిలదీసేది మమ్మల్నే. ఆ టెన్షన్ ఇంటికొచ్చినా వదలదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే తెలిసిపోతారు. చెప్పులేసుకుని మంచం మీద కూర్చుంటారు, గేటు వైపే చూస్తుంటారు. మొన్న ఒకావిడ సంచి సర్దేసుకుంది. "ఎక్కడికమ్మా?" అంటే, "రేపు బాబుకి పరీక్ష. అన్నం ఎవరు పెడతారు సిస్టర్?" అంది. వాళ్ళ అక్కకి ఫోన్ కలిపాను. బాబు గొంతు వినగానే సంచి తనే మంచం కిందకి తోసేసింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవరినీ గొలుసులతో కట్టకూడదు. తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే, ప్రమాదం ఉందనిపిస్తే డాక్టర్ అంచనా వేసేందుకు 24 గంటలు ఆపవచ్చు. మంచి చట్టమే. కానీ నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఇద్దరమే ఉంటే, పక్కన కూర్చుని మాట్లాడే తీరిక ఎక్కడిది? ఇంకో నర్సుని ఇవ్వమని మళ్ళీ అడుగుతున్నాం.