గొలుసు పట్టాక అర్థమైన ఆట

అమెరికా వచ్చి మూడేళ్లయినా వీళ్ల ఫుట్‌బాల్ నాకు ఎక్కలేదు. సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడుతుంటే కాఫీ కప్పు పట్టుకుని తలూపేవాణ్ని. ఐదారు సెకన్లు ఆట, ఆ తర్వాత గుంపుగా చేరి గుసగుసలు. టీవీ ముందు ఎన్నిసార్లు కూర్చున్నా మధ్యలోనే కునుకు పట్టేసేది.

2015 వేసవిలో అమ్మానాన్నలు ఒహాయో రాష్ట్రం యాక్రన్‌లో మా ఇంటికొచ్చారు. అదే సమయంలో, అరగంట దూరంలో ఉన్న కాంటన్‌లో ఈ ఆటకి దేశాల మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. అసలు స్వీడన్‌లో జరగాల్సిందట, స్పాన్సర్లు దొరక్క ఇక్కడికొచ్చింది. ఆడింది ఏడు దేశాలే. జులై 18న అమెరికా, జపాన్ ఫైనల్. "ఆ ఎండలో నేను రాను, మీరిద్దరూ వెళ్లండి" అంది అమ్మ.

ముందురోజు రాత్రి ఫోన్‌లో రూల్స్ బట్టీ పట్టి, కారులో నాన్నకి కబడ్డీతో పోల్చి చెప్పబోయాను.

"కూత ఉంటుందా?"

"ఉండదు నాన్నా."

"మరి ఎంతసేపు పరిగెత్తుతాడు?"

"పడేసేదాకా."

ఆయన కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

స్టేడియంలో ఇంకా ఘోరం. బోర్డు మీద మూడు, నాలుగు అని పడితే స్కోరనుకుని నాన్నకి అదే చెప్పాను. మూడో ప్రయత్నం, ఇంకా నాలుగు గజాలు వెళ్లాలని దానర్థం. పక్క సీటాయన నవ్వు ఆపుకుంటూ సరిచేశాడు.

అప్పుడొచ్చింది గొలుసు. బంతి వెళ్లాల్సినంత ముందుకి వెళ్లిందా లేదా అని అనుమానం రాగానే పక్కనుంచి మనుషులు రెండు కర్రలూ, మధ్యలో గొలుసూ పట్టుకుని మైదానంలోకి పరిగెత్తారు. ఒక కర్ర ఆనించి, రెండోది బిగించి లాగి, బంతి మొన దగ్గర నిలబెట్టారు. స్టేడియం అంతా ఊపిరి బిగబట్టింది. నాన్న సీటు చివరికి జరిగారు. ముప్ఫై ఏళ్లు సర్వేయర్‌గా గొలుసు లాగించిన మనిషి!

"ఏరా, అదెంత పొడవు?"

"పది గజాలు."

"మన గొలుసులో సగం కూడా లేదు. మనది వంద లింకులు, ఇరవై రెండు గజాలు. క్రికెట్ పిచ్ పొడవు ఎక్కణ్నుంచి వచ్చిందనుకున్నావ్?"

ఆ తర్వాత నేను చెప్పేదేం లేకపోయింది. "నాలుగుసార్లలో గట్టు పది గజాలు జరపాలి. జరిపితే మళ్లీ నాలుగు. లేకపోతే బంతి అవతలివాడికి. అంతేగా?" అన్నారు. అంతే! నాలుగోసారి బంతిని ఎందుకు దూరంగా తన్నేస్తారో కూడా ఆయనే చెప్పారు: గట్టు ఎలాగూ జరగదు, కనీసం అవతలివాణ్ని వాడి పొలం చివర్నుంచి మొదలుపెట్టనీ. మూడేళ్లుగా నా బుర్రకెక్కనిది పది నిమిషాల్లో తేలిపోయింది. బంతిని అవతలివాడి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు, ఆ పైన బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఒకటి అన్నవి చిన్న లెక్కలే.

కానీ ఒక్క విషయం ఆయనకి అస్సలు మింగుడుపడలేదు. ఆటగాడు కిందపడ్డాక బంతిని ఎక్కడ పెట్టాలో మైదానంలోని అధికారులు కంటి అంచనాతోనే తేలుస్తారు. "రాయి ఉజ్జాయింపుగా పాతి, కొలత మాత్రం వెంట్రుకవాసి చూస్తారా? ఇలా కొలిస్తే మా ఊళ్లో తలకాయలు పగిలేవి."

చివరికి అమెరికా 59, జపాన్ 12. జపాన్ చిన్న జట్టేం కాదు. 1999లో, 2003లో కప్పు వాళ్లదే, అప్పుడు అమెరికా బరిలో లేదు. 2007లో వాళ్ల గడ్డ మీదే ఓవర్‌టైమ్‌దాకా లాగి 20–23తో ఓడారు. ఈసారి అమెరికా వైపు టీవీలో కనిపించే పెద్ద స్టార్లు లేకపోయినా ఆ పోటీ ఎక్కడా కనపడలేదు. నేను నిరాశపడ్డాను. నాన్నకి స్కోరు పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. యాక్రన్ దగ్గర పడ్డాక అడిగారు: "ఆ గొలుసు పట్టేవాళ్లకి టీఏ, డీఏ ఇస్తారంటావా?"