ముందు అరికాళ్ల గురించి అడుగుతాను

హెచ్‌ఐవీతో ఉన్నవారి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) పరీక్షకు అందనంత తగ్గింది, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగుంది, మందులు ఒక్క పూటా తప్పలేదు. అయినా మనిషికి వారాలుగా నిద్ర లేదంటే, కౌన్సెలింగ్‌లో నేను ముందు అరికాళ్ల గురించి అడుగుతాను. మంటా, తిమ్మిరా, సూదులతో పొడిచినట్టా? రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారా? 0 నుంచి 10 వరకు లెక్కేస్తే ఎంత?

ఈ నొప్పి ఎక్కువగా రెండు పాదాల్లోనూ మొదలై పైకి పాకుతుంది. నరాలను హెచ్‌ఐవీయే దెబ్బతీస్తుంది, పాత హెచ్‌ఐవీ మందు స్టావుడిన్ కూడా దెబ్బతీసేది. అది మానేసి ఏళ్లయినా కొందరికి మంట పోలేదు. టీబీకి ఐసోనియాజిడ్ వాడుతుంటే తోడుగా బి6 మాత్ర అందుతోందో లేదో చూస్తాను.

తర్వాత పీహెచ్‌క్యూ-9, అంటే దిగులు (డిప్రెషన్) ఎంతుందో చూసే ప్రశ్నల కాగితం. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాలి. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, మొత్తం 6 వచ్చిందని కాగితం మడిచేస్తారు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి 1 వచ్చినా మొత్తంతో పనిలేదు, అక్కడే ఆగాలి. సూటిగా అడుగుతాను: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా, ఎప్పుడు అని అనుకున్నారా? ఇంతకుముందు ప్రయత్నించారా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చాలామందికి గుండె బరువు దిగుతుంది. ఎలా అన్నది కూడా అనుకుని ఉంటే ఒంటరిగా పంపను, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తోడిచ్చి పంపాలి. తోడొచ్చినవారికి హెచ్‌ఐవీ సంగతి చెప్పనక్కర్లేదు. "మనసు బాగోలేదు, ఒంటరిగా వదలొద్దు" అంటే చాలు.

మందుల చీటీ మళ్లీ చదువుతాను. హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్ వల్ల పీడకలలు, దిగులు, చావు ఆలోచనలూ రావచ్చు. మరో హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో నిద్ర పట్టకపోతే పొద్దున వేసుకోవచ్చేమో డాక్టరును అడగాలి. ఎవరికి వారు మానేస్తే మాత్రం వైరస్ మళ్లీ పెరుగుతుంది. నరాల నొప్పికి కార్బమజెపిన్ రాస్తే రక్తంలో డోలుటెగ్రావిర్ తగ్గిపోతుంది కాబట్టి రాసేవారికి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) సంగతి తెలియాలి. అదే నొప్పికి అమిట్రిప్టిలిన్ అయితే రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెడతారు. నోరెండుతుంది, మత్తుగా ఉంటుంది, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే నాలుగో రోజే ఆపేస్తారు. చావు ఆలోచన ఉన్నవారికి నెల మాత్రలు ఒకేసారి ఇవ్వకూడదు, వారానికి సరిపడా ఇచ్చి ఇంట్లో ఒకరి దగ్గర ఉంచమంటాం.

రెండు మూడు రోజుల్లో ఫోన్ చేస్తాను. ఏ నంబరుకు, ఏ వేళ చేయాలో ముందే అడిగి రాసుకుంటాను. వేరెవరైనా ఎత్తితే ఎక్కడి నుంచో చెప్పను.